ఆయన పక్షం

ఫిబ్రవరి 3, సోమవారం

ప్రిన్సిపాల్ తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి కూర్చోమన్నాడంటే ఏదో మూడిందని అర్థం. మూడింది. మా శాఖను వచ్చే ఏడాది నుంచి ఎత్తేద్దామని పాలకమండలి అనుకుంటోందట. వచ్చే సోమవారం సమావేశం. "శాఖ తరఫున ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు మేడమ్" అన్నాడు. ఎవరైనా అట! శాఖలో మిగిలింది నేనొక్కదాన్నే.

ప్రాచీన విద్యల శాఖ. తర్కం, పాత కావ్యాలు, వక్తృత్వం, చరిత్ర. నేను చేరినప్పుడు ఐదుగురం ఉండేవాళ్ళం. ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్ళ కుర్చీలు అలాగే ఉన్నాయి, వాళ్ళ పాఠాలు మాత్రం నా నెత్తిమీదికొచ్చాయి. ఇప్పుడు విద్యార్థులు ముగ్గురు. ఆ ముగ్గురిలోనూ ఒకరు పూర్తిగా మేలుకుని ఉండరు.

"మీరేం బెంగపెట్టుకోకండి. మిమ్మల్ని ఎక్కడో ఒకచోట సర్దుతాం" అన్నాడు. పాత బీరువా గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. నాకేం బెంగ లేదు.

ఇంటికొచ్చి తాళం తీసి, చెప్పులు విప్పుతూ "విన్నారా" అన్నాను. మా ఆయన పోయి మూడు నెలలైంది. నోటికి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఫిబ్రవరి 4

ఆయన ఉంటే ఈ వార్తకు ఎగిరి గంతేసేవారు. "చూశావా పంతులమ్మా, ఇన్నాళ్ళకు మీ కాలేజీకి బుద్ధొచ్చింది!" అనేవారు. విద్యుత్ శాఖలో ఇంజనీరు. కంటికి కనపడని కరెంటును నమ్ముతారు గానీ నా చదువును నమ్మరు.

పెళ్ళయిన కొత్తలో ఓసారి మా క్లాసు పద్ధతి చెప్పాను. మా దగ్గర ఎవరూ నేరుగా ఖండించడానికి వీల్లేదు. ముందు ఎదుటివాడి వాదన మనమే చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అంటాం. వాడు చెప్పుకునేదానికంటే బాగా చెప్పాలి. వాడు "అవును, నేననేది ఇదే" అని తలూపాకే మన జవాబు మొదలుపెట్టాలి.

"బాగుందే! అయితే మనింట్లోనూ అంతే" అన్నారు.

అన్నంత పనీ చేశారు. భోజనాల దగ్గర ఆయన నా చదువును దులిపేవారు. నేను ఆయన పక్షం చెప్పేదాన్ని. "అది కాదు, సరిగ్గా చెప్పు" అని తల అడ్డంగా ఊపేవారు. మళ్ళీ చెప్పేదాన్ని. కూర చల్లారిపోయేది. చాలాసార్లు పూర్వపక్షం దగ్గరే భోజనం ముగిసి, నా జవాబు మర్నాటికి వాయిదా పడేది.

ఇరవై ఆరేళ్ళు. మాటవరసకైనా ఒక్కసారి "సరే, నువ్వన్నది నిజమే" అనలేదు. ఒప్పుకోకుండానే వెళ్ళిపోయారు. మనిషి లేకపోవడం ఒక కష్టం. ఇది వేరే కష్టం. దీని గురించి ఎవరితోనూ చెప్పుకోలేను, విన్నవాళ్ళు నవ్వుతారు.

ఫిబ్రవరి 6

స్టాఫ్ రూములో అందరికీ తెలిసిపోయింది. కంప్యూటర్ల శాఖ వాళ్ళు నాతో మెల్లగా మాట్లాడుతున్నారు, జబ్బుమనిషిని చూడ్డానికొచ్చినట్టు. ఒకావిడ నాకు కాఫీ తెచ్చిపెట్టింది. ఆవిడ మంచిదే. కాఫీ ఇస్తూ ఆవిడ కళ్ళు మాత్రం మా గది ఎంత వెడల్పుంటుందో కొలుస్తున్నాయి.

నిజం చెప్పాలంటే కాఫీ బాగుంది. ఎవరో చేసిన కాఫీ తాగి చాలా రోజులైంది.

ఫిబ్రవరి 8, శనివారం

సోమవారం ఏం మాట్లాడాలో ఆలోచించుకున్నాను. మొదటి సగం వాళ్ళ పక్షం, రెండో సగం నా జవాబు. మొదటి సగం చకచకా వచ్చేసింది, ఎక్కడా తడుముకోలేదు. రెండో సగం అక్కడికెళ్ళాక అదే వస్తుంది. ఇన్నేళ్ళుగా చెబుతున్నదే కదా.

ఫిబ్రవరి 10

సమావేశం అయింది. బాగానే మాట్లాడాను. అలసటగా ఉంది.

ఫిబ్రవరి 11

నాకోసం నేను రాసుకునే దాంట్లో కూడా అబద్ధమేనా? సరిగ్గా రాస్తాను.

పొడవాటి బల్ల, చుట్టూ మండలి సభ్యులు. అధ్యక్షుడు భవనాల కాంట్రాక్టరు. పెద్ద మీసం, చెయ్యెప్పుడూ ఫోను మీదే. "చెప్పండమ్మా, పది నిమిషాలు" అన్నాడు. నేను లేచి, అలవాటు ప్రకారం, మా శాఖను ఎందుకు మూసేయాలో చెప్పడం మొదలుపెట్టాను.

ఈ చదువు చెడ్డదని ఎవరూ అనరు, మంచిదే, అన్నాను. మంచిది కాబట్టే దీనికి కాలేజీ అక్కర్లేదు. పాత కావ్యాలు వందల ఏళ్ళు బతికాయి, మా జీతాల మీద ఆధారపడి బతకలేదు. కావాలన్నవాడు లైబ్రరీకి వెళ్ళి ఓ మూల కూర్చుని చదువుకుంటాడు. ఊరికే దొరికేదానికి ఒక గది, ఒక శాఖ, ఒక డిగ్రీ ఎందుకు? అప్పటికి సభ్యులు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు.

"ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే కావ్యం చదివితే వెలగదు" అన్నాను. నవ్వారు. "రేపు ఈ పిల్లలు ఇంటి అద్దె కట్టాలి. అద్దె అడగడానికొచ్చినవాడికి అలంకారాలు వినిపిస్తారా? వాడు వింటాడా?" ఇంకా నవ్వారు. అధ్యక్షుడు ఫోను బోర్లా పెట్టి ముందుకు వంగాడు. నాకు హుషారొచ్చింది. "పక్క గదిలో నలుగురు పిల్లలు ఒక కంప్యూటరు కోసం కొట్టుకుంటున్నారు. ఈ గదిలో ముగ్గురు పిల్లలు, వాళ్ళకొక పంతులమ్మ!"

పంతులమ్మ అన్నాను, అందరి ముందు.

కాసిని నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాను. ఎంతసేపు చెప్పానో తెలీదు. చివరికి అధ్యక్షుడు బల్ల మీద చేత్తో కొట్టి, "భలే చెప్పారమ్మా! మాలో ఎవరం ఇంత బాగా చెప్పలేకపోయేవాళ్ళం. శాఖ చూసేవారే ఇంత పెద్ద మనసుతో ఒప్పుకున్నాక మాకింకేం మొహమాటం?" అన్నాడు.

"నా జవాబు ఇంకా ఉందండీ."

"పర్లేదమ్మా, విషయం బోధపడింది."

చేతులు లేచాయి. చప్పట్లు కూడా కొట్టారు. నా శాఖను నేనే మూయించి, చప్పట్లు కొట్టించుకుని, మెట్లు దిగి వచ్చాను. ప్రిన్సిపాల్ వరండాలో పట్టుకున్నాడు. "మేడమ్, మీరు అసలు ఎటువైపు?" అన్నాడు. పాపం, వెటకారం కాదు, తెలీకే అడిగాడు.

ఫిబ్రవరి 12

అక్క ఫోన్ చేసింది. ఎవరో చెప్పారట.

"నీకు మతుందా? నీ గొయ్యి నువ్వే తవ్వుకుని, పైగా కొలతలు సరిపోయాయో లేదో కూడా చూసుకున్నావా?"

"అది పద్ధతక్కా. ముందు వాళ్ళ పక్షం చెప్పాలి."

"పద్ధతి లేదు, గాడిదగుడ్డు లేదు. వాళ్ళ పక్షం చెప్పడానికి వాళ్ళకు నోళ్ళు లేవా? మాట్లాడకుండా నా దగ్గరికి వచ్చెయ్. ఒక్కదానివే ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ ఎన్నాళ్ళు?"

"గోడలతో ఎవరు మాట్లాడుతున్నారు?"

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను, పెట్టలేదు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేనే పెట్టేశాను.

పద్ధతి ప్రకారమే చేశాను. టైము చూసుకోలేదు, అంతే.

ఫిబ్రవరి 13

ఎదురుగా గోడకు ఇంత పెద్ద గడియారం ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

గడియారం చూశాను. సగం టైము అయిందని తెలుసు. అక్కడ ఆపి నా జవాబు మొదలుపెట్టాల్సింది. ఆపలేదు.

ఎందుకు ఆపలేదో రాస్తాను. ఆయన గొంతు ఎలా ఉండేదో మూడు నెలలుగా గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. మొహం గుర్తొస్తుంది, నడక గుర్తొస్తుంది, గొంతు మాత్రం అందదు. ఫోన్లో ఒక్క ముక్క కూడా దాచుకోలేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర "ట్రాన్స్‌ఫార్మరు" అన్నానో లేదో, గొంతు వచ్చేసింది. ఆయన ఆ మాట ఎలా సాగదీసేవారో అలాగే సాగదీశాను. అద్దెవాడి జోకు ఆయనది. కంప్యూటర్ల పోలిక ఆయనది. భోజనాల దగ్గర ఆయన ఎక్కడ ఆగి నీళ్ళు తాగేవారో నేనూ అక్కడే ఆగి నీళ్ళు తాగాను. వాళ్ళు నవ్వుతుంటే ఆయన జోకులకు నవ్వుతున్నారని ఎంత గర్వంగా అనిపించిందో!

నా జవాబు మొదలుపెడితే ఆయన మాట ఆగిపోతుంది. అందుకని ఆపలేదు. కాసేపు ఆయన ఆ గదిలో ఉన్నారు. దానికి శాఖ ఖర్చయిపోయింది.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గెందుకు, చాలాసేపు ఏడ్చాను.

ఫిబ్రవరి 17

ప్రిన్సిపాల్ పిలిచాడు. మళ్ళీ కూర్చోమన్నాడు. అలవాటవుతోంది. మొన్నటిది సిఫారసు మాత్రమేనట, మార్చి మూడున పూర్తి మండలి కూర్చుని ఖాయం చేస్తుందట. "కాళ్ళావేళ్ళా పడి మీకు ఇంకో ఐదు నిమిషాలు ఇప్పించాను. ఈసారి మాత్రం దయచేసి మన వైపే మాట్లాడండి మేడమ్" అని నిజంగానే చేతులు జోడించాడు. ఈ మనిషిని ఇన్నాళ్ళూ తక్కువగా అనుకున్నాను.

అంటే ఇంకా పోలేదు. జవాబు ఒక్కటి కావాలి.

ఫిబ్రవరి 19

జవాబు రావడం లేదు.

ఈ చదువుతో ఉద్యోగాలొస్తాయి. కొందరికి వస్తాయి, చాలామందికి రావు, అది వాళ్ళకూ తెలుసు. ఈ చదువు మనిషిని మంచివాణ్ణి చేస్తుంది. మా ఐదుగురిలో ఇద్దరు ఒక కిటికీ కోసం పదేళ్ళు మాట్లాడుకోలేదు. ఈ చదువు సంస్కృతిని కాపాడుతుంది. ఈ వాక్యం రాస్తుంటే నాకే ఆవలింతొచ్చింది. అన్నీ కొట్టేశాను.

వీటన్నిటికంటే గట్టిది ఆయన వాదన. మంచి చదువే, అందుకే కాలేజీ అక్కర్లేదు, లైబ్రరీ చాలు. దీన్ని కదిలించలేకపోతున్నాను. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు జవాబులు తన్నుకుంటూ వచ్చేవి. ఆయన నోరు తెరిచేలోపే నా దగ్గర మూడు ఉండేవి. ఒక్కదాన్నే కూర్చుంటే ఒక్కటీ రావడం లేదు. ఆయన పక్షం మాత్రం ఎంత అడిగితే అంత వస్తోంది.

ఫిబ్రవరి 20

క్లాసులో ఆ ముగ్గురికీ సంగతంతా చెప్పేశాను. దాచి ఏం లాభం? లైబ్రరీ వాదన బోర్డు మీద రాసి, ఖండించమన్నాను.

ముందుబెంచి అమ్మాయి నేను ఎప్పుడో చెప్పిన పాఠాన్ని నాకే అప్పజెప్పింది. టోపీ అబ్బాయి గడ్డం గోక్కుని, "లైబ్రరీకి ఆదివారం సెలవు మేడమ్" అన్నాడు. నిద్రమొహానికి ఇంకెక్కడా సీటు రాక ఇక్కడ చేరింది, ఆ సంగతి తనే చెప్పుకుంటుంది. ఆ పిల్ల బల్ల మీంచి తల ఎత్తకుండానే, "పుస్తకం నిద్రపుచ్చుతుంది. మీరు 'కాదు' అన్నప్పుడే నాకు మెలకువొస్తుంది మేడమ్" అంది.

అందరం నవ్వుకున్నాం. జవాబు మాత్రం దొరకలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

మెయిన్ స్విచ్ పొద్దున్నుంచి పడిపోతూనే ఉంది. ఎత్తుతాను, పడిపోతుంది. ఈ పనులన్నీ ఆయనవి. స్విచ్ బోర్డు తలుపు లోపల ఏ మీట దేనిదో ఆయన చేత్తో రాసిన అట్టముక్కలు అంటించి ఉన్నాయి. వాటిని చదువుతూ అక్కడే స్టూలు వేసుకుని కూర్చుండిపోయాను. "వంటిల్లు", "హాలు", "పంతులమ్మ గది".

కరెంటాఫీసుకు ఫోన్ చేశాను. రేపు పంపిస్తామన్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మనిషిని పంపిస్తారనుకుంటే మీటరు వచ్చాడు. ఆయన దగ్గర జూనియరుగా పనిచేసిన ఇంజనీరు. మాటలు మొదలుపెడితే ఆగకుండా తిరుగుతాడని ఆయనే పెట్టిన పేరు. ఇంటి అడ్రసు చూసి తనే బయల్దేరాడట. గీజరులో కరెంటు లీకవుతోందని తేల్చి, దాని తీగ విప్పి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. కాలేజీ ఎలా ఉందని అడిగాడు. మూసేస్తున్నారని చెప్పాను.

"నన్నడిగితే మూసేయడమే న్యాయం మేడమ్. మరోలా అనుకోకండి. సార్ ఉన్నన్నాళ్ళూ ఈ ముక్క అన్నందుకు లంచ్‌లో నన్ను ఉతికి ఆరేసేవారు."

"ఏ ముక్క?"

"మీ చదువు దండగని నేననేవాణ్ణి. కాదని ఆయన."

"తిరగేసి చెబుతున్నావు బాబూ. దండగనేది ఆయన."

"అయ్యో, లేదు మేడమ్! అన్నం తింటూ రోజూ ఇదే గొడవ. ఆఫీసంతా సాక్ష్యం కావాలంటే."

వివరంగా చెప్పమన్నాను. మీటరుకు ఆ మాట చాలు.

కొన్నేళ్ళ కిందట సబ్‌స్టేషనులో ప్రమాదం జరిగిందట. లైను మీద మనుషులు పనిచేస్తుండగా ఆపరేటరు కరెంటు వదిలాడు. ఒకతనికి రెండు చేతులూ కాలాయి. విచారణ సంఘంలో ఆయన, మీటరు, ఇంకా కొందరు. తప్పు ఆపరేటరుదేనని అందరూ తేల్చేశారు, సంతకాలే తరువాయి. అప్పుడు ఆయన అడ్డుపడ్డారట. "ముందు వాడి పక్షం మనం చెబుదాం. వాడు అవునని తలూపాక సంతకం పెడదాం" అన్నారట.

"మేం విసుక్కున్నాం మేడమ్. మీ ఇంటి ఆట ఇక్కడెందుకు సార్ అన్నాను నేనే. వినలేదు. ఆపరేటర్ని కూర్చోబెట్టి, 'నిద్ర సరిపోక పొరపాటున మీట వేశావు, అంతేనా' అన్నారు. వాడు కాదన్నాడు. ఇంకో రకంగా చెప్పారు. అదీ కాదన్నాడు. మా ఓపిక అయిపోయింది, సార్ ఓపిక అవలేదు. మూడోసారికి అసలు సంగతి బయటపడింది. ఆ లైను మీద రెండు జట్లు పనిచేస్తున్నాయని వాడికి ఎవరూ చెప్పలేదు. ఒక జట్టు ఫోన్ చేసి మా పనైపోయింది అంటే, అందరి పనీ అయిపోయిందనుకుని వదిలాడు. వాడి స్థానంలో ఎవడున్నా వదిలేవాడే. ఆ రోజునుంచి ఏ జట్టుకాజట్టు విడిగా చెబితేగానీ కరెంటు వదలకూడదని రూలు మార్చాం. వాడి ఉద్యోగం నిలబడింది."

ఈ సంగతి ఒక్కనాడు ఇంట్లో చెప్పలేదు. ఆ ప్రమాదం జరిగిన రోజులు నాకు గుర్తే. మనిషి దిగులుగా వచ్చేవారు, భోజనానికి కూర్చోగానే మాత్రం "ఏం పంతులమ్మా, ఈరోజు ఎవర్ని చెడగొట్టి వచ్చావు?" అనేవారు.

"అయినా నేను వదల్లేదు మేడమ్" అన్నాడు మీటరు. "ఇదంతా లైబ్రరీలో చదువుకుంటే రాదా సార్ అన్నాను. ఆయనేమన్నారో తెలుసా? 'ఒరేయ్, పుస్తకంతో ఎంతసేపు వాదించినా నువ్వే గెలుస్తావు, అది తిరిగి కాదనదు. కాదనేవాడు ఎదురుగా కూర్చోవాలి. వాడు కాదంటే కోపం తెచ్చుకోకుండా ఎందుకంటున్నాడో కనుక్కోవాలి. దానికి ఒక గది కావాలి, రెండు బెంచీలు కావాలి, వందసార్లు కాదనే ఓపికున్న పంతులమ్మ కావాలి' అన్నారు. ఇంకోటి కూడా అనేవారు. 'మన చదువులన్నీ గెలవడం నేర్పుతాయిరా. మా ఆవిడ చదువు ఓడిపోవడం నేర్పుతుంది. ఓడిపోయి, సరే అని, లేచి చెయ్యి కడుక్కుని మళ్ళీ పనిలో పడటం. నాకది రావడానికి చానాళ్ళు పట్టింది' అనేవారు."

కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఇంట్లో ఒక్కసారైనా..." అన్నాను.

"అడిగా మేడమ్. ఇదంతా మేడమ్ గారికి చెప్పారా అన్నాను. నవ్వారు. 'ఒప్పుకుంటే వాదన అయిపోతుంది కదరా. అయిపోతే ఆవిడ పుస్తకం పట్టుకుని ఆ గదిలోకెళ్ళిపోతుంది. నేను టీవీ పెట్టుకుని ఈ గదిలో కూర్చోవాలి. నాకెందుకొచ్చిన బాధ' అన్నారు."

మీటరు మొదటిసారి తనంతట తను ఆగాడు. నా మొహం చూసి ఉంటాడు. వెళ్ళేటప్పుడు గడప దగ్గర, "నేను మాత్రం మూసేయాలనే అంటాను మేడమ్" అన్నాడు మెల్లగా. అది కూడా ఆయన పెట్టిన అలవాటే అయుంటుంది.

ఫిబ్రవరి 24

మోసం! శుద్ధ మోసం! అక్కడ ఆఫీసులో నా జెండా ఎగరేసి, ఇంటికొచ్చి నన్ను ఏడిపిస్తారా? ఎన్నిసార్లు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు విసిరేశాను! ఈయనకు నా చదువంటే చిన్నచూపని ఎన్నిసార్లు అక్కతో చెప్పుకున్నాను! ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప.

ఫిబ్రవరి 25

ఇంకా కోపంగానే ఉంది.

ఫిబ్రవరి 27

ఈరోజు క్లాసులో నిద్రమొహం ఏదో చెబుతుంటే "అది కాదు, సరిగ్గా చెప్పు" అన్నాను. అన్నాక నవ్వొచ్చి పాఠం చెప్పలేకపోయాను. ముగ్గురూ కంగారుపడ్డారు. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, అందుకని.

ఇరవై ఆరేళ్ళు ప్రతి సాయంత్రం నేను తనను వదిలి పక్క గదిలోకి వెళ్ళకూడదని ఆ మనిషి ఏదో ఒకటి కాదంటూనే ఉన్నాడు. దీన్ని చిన్నచూపు అనుకున్నాను నేను, తర్కం చెప్పే మేడమ్‌ని.

మార్చి 3, సోమవారం

అదే బల్ల, ఈసారి కుర్చీలు ఎక్కువ. ప్రిన్సిపాల్ గోడ పక్కన నిలబడి నా మొహం చూస్తున్నాడు.

"మీ పక్షం పోయినసారే చెప్పేశాను, ఈసారి చెప్పను" అని మొదలుపెట్టాను. గోడ దగ్గర ఒక నిట్టూర్పు వినిపించింది. సబ్‌స్టేషను సంగతి చెప్పాను. రెండుసార్లు కాదన్న ఆపరేటరు సంగతి చెప్పాను. లైబ్రరీ వాదనకు జవాబు చెప్పాను. పుస్తకం తిరిగి కాదనదని, కాదనేవాళ్ళు ఎదురుగా ఉండాలని, వాళ్ళు కూర్చోవడానికి ఒక గది కావాలని. ఎవరూ నవ్వలేదు. నవ్వించే మాటలు కావు.

"ఈ మాటలు నావి కావు. మా ఆయనవి. ఆయన పోయారు. పోయినసారి మీరు నవ్విన మాటలు కూడా ఆయనవే" అన్నాను.

అధ్యక్షుడు మీసం సర్దుకున్నాడు. "అయితే ఆయన ఎటువైపమ్మా?"

"రెండు వైపులూ చెప్పగలిగిన మనిషండీ."

చివరి కుర్చీలో సన్నగా ఉన్న ఒకాయన చెయ్యెత్తాడు. "ఒక్క సందేహం. ఆ ఇంజనీరు గారు మన కాలేజీలో చదవలేదు కదా. ఇంట్లో భోజనాల దగ్గర నేర్చుకున్నారు. మరి కాలేజీ ఎందుకు?"

ఎంత మంచి ప్రశ్న! మా ఆయన కూడా ఇంత మంచి ప్రశ్న ఎప్పుడూ వేయలేదు. ముందు దాన్ని నా మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా మీరనేది?" అని అడిగాను. అవునని తలూపాడు. అప్పుడు చెప్పాను: "ఆ భోజనాల బల్లకు ఇవతల నేను కూర్చున్నానండీ. నేనిదంతా ఎక్కడ నేర్చుకున్నానంటారు? ఈ కాలేజీలోనే, ఆ గదిలోనే, పద్దెనిమిదేళ్ళ వయసులో. ఆ గది లేకపోతే ఆ బల్ల దగ్గర ఇద్దరం మాట్లాడకుండా తినేసి లేచేవాళ్ళం. ఆ ఆపరేటరు ఉద్యోగం కూడా పోయేది."

చేతులెత్తమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. వచ్చే ఏడాదికి కొత్త పిల్లల్ని తీసుకోవచ్చు. ఆ తర్వాత మళ్ళీ చూస్తారట. ఒక ఏడాది దొరికింది.

బయటికొస్తుంటే అధ్యక్షుడు వెనకనుంచి పిలిచాడు. "నేను మాత్రం చెయ్యెత్తలేదమ్మా. నాకింకా ఒప్పుదల లేదు."

"సంతోషమండీ" అన్నాను. నిజంగానే సంతోషంగా ఉంది. ఎందుకు ఒప్పుకోలేదో అడిగాను. కారు తలుపు తెరిచి పట్టుకునే చాలాసేపు చెప్పాడు.

మార్చి 4

ఏమండీ, నిన్న గెలిచింది మీ వాదన. అయితే అందులో ఒక లోపం ఉంది. ఆ గదిలో ఎవరూ పట్టుకోలేదు, ఆ సన్నటాయన కూడా. నేను పట్టుకున్నాను.

ముందు మీ పక్షం చెబుతాను. మిగతా చదువులు గెలవడం నేర్పుతాయి, ఈ చదువు ఓడిపోవడం నేర్పుతుంది. నిజం ఎదురుగా వచ్చి నిలబడితే, మనకు ఎంత ఇష్టం లేకపోయినా, సరే అని ఒప్పుకుని లేచి మళ్ళీ పనిలో పడటం నేర్పుతుంది. ఇదే కదా మీరనేది?

ఇప్పుడు నా జవాబు. ఈ చదువు నేను చిన్నప్పుడే చదివాను, అప్పటినుంచీ ఇదే చెబుతున్నాను. నాకంటే ఎక్కువగా ఇది ఇంకెవరికి రావాలి? నవంబరులో ఆసుపత్రి వరండాలో డాక్టరు బయటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను కాదన్నాను. ఆయన మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ కాదన్నాను. అక్క నన్ను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది గానీ నేనైతే ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఎన్ని రుజువులు చూపించినా ఒప్పుకోను.

మీరన్నదే నిజమైతే నాకు ఓడిపోవడం ఎందుకు రాలేదు? చెప్పండి. తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పండి. రేపైనా సరే.